పారిపోయిన గీత

వాన పడుతున్నంతసేపూ యలమంద పరువుకి ఢోకా లేదు. ఆగిందంటే మాత్రం చెప్పలేం.

దర్శి కాలేజీ గ్రౌండు పక్కన సుబ్బరావమ్మ టీ బంకు ఉంది. బంకు ముందు లాగి కట్టిన పట్టా కింద రెండు జట్లు ముడుచుకుని నిలబడ్డాయి. ఇటు పక్క ఎర్ర బనీన్లు, రేగులపాలెం జిల్లా పరిషత్ హైస్కూలు. అటు పక్క నీలం బనీన్లు, టౌన్లో హాస్టలు స్కూలు. మధ్యలో పొయ్యి, పొయ్యి మీద పాలు, పాల మీద అందరి కళ్లూ. మండలం మొత్తానికీ ఇది కబడ్డీ ఫైనలు. స్కోరు చెరి సమానం. ఇంక ఒక్క కూత మిగిలింది, అది రేగులపాలెం వాళ్లది. ఆ కూతకి లేచిన ఫిలిప్ నడిగీత దాటకముందే బురదలో జారి మడమ మెలిపెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే వాన కుమ్మేసింది. రిఫరీ ఈల ఊది, ఆటగాళ్లకన్నా ముందు తనే కాలేజీ వరండాలోకి పరిగెత్తాడు. పోతూ పోతూ ఒక మాట చెప్పిపోయాడు. వాన ఆగితే ఆ ఒక్క కూతా ఆడిస్తారట, ఆగకపోతే రూపాయి ఎగరేస్తారట.

రూపాయి మాట వినగానే ఎర్ర బనీన్ల మొహాలు మాడిపోయాయి. పోయినేడు కూడా ఇట్టాగే వాన, ఇట్టాగే రూపాయి, బొమ్మ పడాల్సిన చోట బొరుసు పడింది. ఆడి ఓడిపోతే ఊరు రెండు రోజులు తిట్టి ఊరుకునేది. ఆడకుండా ఓడిపోయొచ్చారని ఏడాది పొడుగునా నవ్వింది. అందుకే జూన్‌లో బడి తెరిచిన రోజున పిల్లలు ఎండకి కమిలిన వీపులతో, మిరపకాయలు గ్రేడింగు చేసి చేసి మండే వేళ్లతో వచ్చి, పుస్తకాల సంచులు దించకముందే గ్రౌండులో పల్లేరుకాయలు ఏరిపారేశారు.

ఆ బడికి ఒక ఆనవాయితీ ఉంది. తెరిచిన రోజున, ఆ ఏడు కల్లాల్లో ఎండిన వాటిలోంచి తలా ఒక మిరపకాయ తెచ్చి, దండ గుచ్చి, జెండా కర్రకి కడతారు. పోటీకి బయల్దేరేటప్పుడు ఆ దండలోంచి ఒక కాయ తెంపి, కూతకి వెళ్లేవాడి నిక్కరు ఎలాస్టిక్‌లో దోపుతారు. చెమట పట్టేకొద్దీ ఆ కాయ తన పని తను చేస్తుంది. అది నడుములో ఉన్నవాడికి ఒకచోట నిలబడబుద్ధి కాదు. ఇప్పుడా కాయ బెంచీ మీద కూచుని మడమ పట్టుకున్న ఫిలిప్ నడుములో ఉంది.

"ఎవరు వెళ్తార్రా కూతకి?" అని డ్రిల్లు మాస్టారు మొహిద్దీన్ బాషా సార్ అడిగారు.

అందరూ పాల వైపు చూశారు. మిగిలిన ఆరుగురూ పట్టడంలో మొనగాళ్లు. కూతకి పంపితే ఒక్కొక్కడికీ మూడో కబడ్డీకే నోరెండిపోతుంది.

యలమంద ఎనిమిదోవాడు. అంటే నీళ్ల సీసాలు మోసేవాడు. అతనికి ఎర్ర బనీను లేదు, యూనిఫాం చొక్కాలోనే వచ్చాడు. గెలిచిన జట్టు ఫొటో స్టాఫ్ రూము గోడకి ఎక్కుతుంది, బనీను ఉన్నవాళ్లే ఆ ఫొటోలో ఉంటారు. పదో తరగతి ఇది, ఇంకో ఏడాది లేదు. ఫిలిప్ బయటికొచ్చాడు గనక ఒక బనీను ఖాళీ అయింది. అది తొడుక్కుని అందరికన్నా వెనకాల, మూల గీత దగ్గర, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడటం తప్ప ఈ భూమ్మీద అతనికి వేరే కోరిక లేదు.

"సార్," అన్నాడు చాలా వినయంగా, "నన్ను ఏడోవాడిగా నిలబెట్టండి సార్. ఆట సంగతి పక్కన పెట్టండి, ఆటలో నేనెంతో మీకు తెలుసు, మా అమ్మ కోడిపెట్ట కూడా నాకు దొరకదు. కాకపోతే ఊపిరి బిగబట్టడం కొద్దిగా అలవాటుంది."

"ఊపిరా?" అన్నారు సార్.

అంతే, యలమందకి దారి దొరికింది. ముందు తనని తను తిట్టుకుంటే జనం నమ్ముతారని అతను చిన్నప్పుడే కనిపెట్టాడు.

"పెద్ద విషయమేం కాదు సార్. మే నెలలో మా మేనమామతో గుంటూరు మిర్చి యార్డుకి పోయా గదా, అక్కడ పట్టుబడింది."

సార్ చేతిలో టీ గ్లాసు పెదాల దాకా వచ్చి ఆగింది. ఫిలిప్‌కి దగ్గొచ్చింది. డోలు మెడలో వేసుకుని వచ్చిన అమ్మాయిల జట్టు కెప్టెన్ మహిమ, ఉన్నట్టుండి డోలు తాళ్లు బిగించడంలో పడిపోయింది.

"మే నెలలోనా అబ్బాయ్?" అంది సుబ్బరావమ్మ.

"నువ్వు పాలు చూడు సుబ్బరావమ్మా, పొంగుతున్నాయి," అన్నారు సార్. పాలు పొంగడం లేదు. "నువ్వు చెప్పరా."

"మే నెల సార్, నడి ఎండాకాలం. యార్డులో ఘాటు సంగతి మీకు తెలియంది కాదు. మిరపకాయల టిక్కీ, అదే బస్తా, దించితే చాలు దుమ్ము లేస్తది, దుమ్ము లేస్తే తుమ్ములు. వయసు మళ్లిన హమాలీలు కూడా మొహానికి కండువా చుట్టుకుని తుమ్ముతానే ఉంటారు. నేనసలే పిరికోణ్ణి, తుమ్మితే మామ తిడతాడేమోనని ఊపిరి బిగబట్టేశా. లారీ కాడ బిగబడితే కాటా కాడికి పోయి వదిలేవాణ్ణి. అంతే సార్, ఇంకేం లేదు."

"నలభై కేజీల టిక్కీ వీపు మీద పెట్టుకునా?"

నిజానికి ఆ టిక్కీ సంగతి యలమంద ఆలోచించలేదు. "మరి ఊరికే ఎందుకు నడవడం సార్," అన్నాడు.

సార్ టీ తాగడం ముగించి గ్లాసు బల్ల మీద పెట్టారు. "ఒరేయ్ ఫిలిప్, బనీను విప్పు. కూతకి వీడు వెళ్తాడు."

యలమంద బనీను వైపు చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. బనీను కావాలన్నాడు గానీ బనీనుతో పాటు కూత కూడా అంటగడతారని ఎవరనుకున్నారు? గ్రౌండు వైపు చూశాడు. వాన తెరలు తెరలుగా దిగుతోంది. ఆ తెర వెనక సున్నపు గీతలు సగం కరిగిపోయి తెల్లగా మెరుస్తున్నాయి. పొయ్యి అవతల నీలం బనీన్లలో తొమ్మిదో నంబరువాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గోడ వాడికి ఆనుకుని ఉందన్నా తప్పు లేదు. ఫిలిప్‌ని పొద్దుట్నించీ మూడుసార్లు పడగొట్టింది వాడే. వాడు అరచేయి పట్టాడంటే ఆ చేయి ఎవరిదో గుర్తుపట్టడానికి సాయంత్రం దాకా పడుతుంది.

ఇప్పుడు ఎట్టా తప్పించుకోవాలి? కాదంటే పిరికివాడంటారు. బళ్లో మిగిలిన ఏడాదంతా అదే మాట. ఒక్కటే దారి. ఎవడూ నమ్మలేనంత ఎత్తుకి తీసుకుపోవాలి. తరగతిలో అయితే మహిమ రెండో వాక్యం దాకా కూడా రానివ్వదు, ఆపరా నీ కోతలు అంటుంది. ఆ మాట ఇక్కడ అనేస్తే చాలు, అందరూ నవ్వుతారు, సార్ విసుక్కుని ఇంకొకణ్ణి చూసుకుంటారు.

"అసలు కథ అది కాదు సార్," అన్నాడు గొంతు పెంచి. "మధ్యాహ్నం హమాలీలు అన్నాలు తిని టిక్కీల వరసల మధ్య కబడ్డీ ఆడతారు. సిమెంటు నేల గదా, గీత గీస్తే నిలవదు. అందుకని టిక్కీలు కట్టే తాడు అడ్డంగా పరిచి, అదే గీత అన్నారు. నన్ను కూతకి రమ్మన్నారు. అవతల ఏడుగురు. ఒక్కొక్కడు రెండేసి టిక్కీలు చంకలో పెట్టుకుని పేపరు చదువుకుంటా నడిచే రకం. నేను కూత మొదలుపెట్టి లోపలికి పోయా. పోతే ఏడుగురూ ఒక్కసారే మీద పడ్డారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ మాట అన్నప్పుడల్లా పక్కనున్నవాడి భుజం మీద చరవడం యలమందకి అలవాటు. ఎవరున్నారని చూసుకోడు, చేయి దానంతటదే లేస్తుంది. ఈసారి సార్ భుజం తగిలింది. సార్ చొక్కా సర్దుకుని వింటూనే ఉన్నారు.

"ఏమైంది?" అంది మహిమ.

యలమంద ఉలిక్కిపడ్డాడు. ఆపరా అనాల్సిన పిల్ల ఏమైంది అంటోంది.

"ఏమైందా? తాడు చివర, అదే గీత చివర, అక్కడ ఆగి ఉన్న లారీ వెనక కొక్కేనికి తగులుకుంది. డ్రైవరు చూసుకోలా. లారీ కదిలింది. లారీతో పాటు గీత కూడా కదిలింది. నేను ఏడుగుర్నీ వీపున ఈడ్చుకుంటా గీత కాడికి వచ్చేసరికి గీత యార్డు గేటు దాటి పారిపోతా ఉంది."

ఎర్ర బనీన్లలో ఎవరూ నవ్వలేదు. శ్మశానంలో ఉన్నంత మర్యాదగా నిలబడ్డారు.

"రూలు ప్రకారం గీత ఎక్కడుంటే అక్కడికి పోయి ముట్టుకోవాలి. అంతేగా సార్?"

బాషా సార్ తల ఊపారు. "రూలైతే అంతే," అన్నారు గంభీరంగా.

"అదీ. కూత ఆపితే అవుట్. అందుకని ఆపకుండా, కబడ్డీ కబడ్డీ అంటానే, లారీ వెనక రోడ్డెక్కా. ఏడుగురూ వదలరు. కాళ్లకి ఇద్దరు, నడుముకి ఇద్దరు, మెడకి ఒకడు, మిగతా ఇద్దరు వాళ్లని పట్టుకున్నారు. నల్లపాడు దాకా అట్టాగే పరిగెత్తా."

నల్లపాడు అనగానే పొయ్యి అవతల తొమ్మిదో నంబరువాడు గోడని వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. చేతిలో బిస్కెట్టు టీలో నానిపోయి గ్లాసులోకి జారింది. వాడు చూసుకోలేదు.

అది యలమంద కంట పడింది. వానవైపు చూశాడు. పట్టా అంచు నుంచి ఇందాకటిదాకా ధారగా పడ్డ నీళ్లు ఇప్పుడు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఇంకా పైకి తీసుకుపోవాలి, త్వరగా.

"నల్లపాడు కాడ రైలు గేటు వేసేశారు. లారీ అప్పటికే దాటిపోయింది, తాడు పట్టాల మీద పడి జరజరా పోతా ఉంది. అటునుంచి గూడ్సు బండి. నేను ఆగానా? నా కూత విని గూడ్సు డ్రైవరు ఎదురుగా ఇంకో ఇంజను హారను కొడతా వస్తందనుకుని బ్రేకేశాడు. స్టేషను మాస్టరు బయటికొచ్చి మాకు పచ్చజెండా ఊపాడు సార్. మాకు. ఈ లోపల నా మెడకి వేలాడుతున్న హమాలీ జేబులోంచి ఫోను తీసి ఇంటికి చేసి, ఇయ్యాల రావటం లేటవుద్ది, కబడ్డీలో ఉన్నా, అన్నం మూతపెట్టు అని చెప్పాడు. కాలు పట్టుకున్నాయన నిద్రపోయాడు. నిద్రపోయి కూడా వదల్లేదు, అదీ వాళ్ల నిబద్ధత."

"యార్డు నుంచి లారీ ఎటు పోతందిరా?" అన్నాడు ఫిలిప్. అతని మొహం చూస్తే మడమ నొప్పో ఇంకో నొప్పో తెలియడం లేదు.

"అమరావతికి."

"నల్లపాడు మీదుగానా?"

ఇది అనుమానమే. యలమంద ప్రాణం లేచొచ్చింది. "అవును, నల్లపాడు మీదుగా. ఎవరైనా పోతారా అట్టా? చెప్పు. నమ్మేట్టు ఉందా?"

"డ్రైవరు దారి తప్పి ఉంటాడులే," అన్నాడు ఫిలిప్. "చెప్పు."

యలమందకి ఏడుపొచ్చినంత పనైంది. నాలుగేళ్లుగా తను ఏం చెప్పినా నమ్మని జనం, అవసరం పడ్డ రోజున నమ్ముతున్నారు. అందరి కళ్లల్లోకీ చూశాడు. ఎర్ర బనీన్లన్నీ బుద్ధిగా తల ఊపుతున్నాయి. బొట్లు ఆగి ఆగి పడుతున్నాయి. కాలేజీ వరండాలో రిఫరీ చెయ్యి బయటికి చాపి చూసుకున్నాడు.

"పేరేచర్ల దాటాక," అన్నాడు, ఇక వెనకా ముందూ చూసుకోకుండా, "లారీలో టిక్కీ ఒకటి పిగిలింది. రోడ్డు పొడుగునా మిరపకాయలు. మా వెనక వచ్చే బస్సులు వాటిని తొక్కితే కారం లేచింది. అక్కడి నుంచి అమరావతి దాకా తుమ్మనివాడు లేడు. మనుషులు తుమ్మారు, గేదెలు తుమ్మాయి, ఒక ట్రాక్టరు తుమ్మి ఆగిపోయింది. నాక్కూడా వచ్చింది సార్. తుమ్మితే కూత తెగుద్ది. ఏం చెయ్యను? మింగేశా."

"తుమ్మునా?" అంది సుబ్బరావమ్మ.

"తుమ్మునే. అది అప్పట్నించీ లోపలే ఉంది. బయటికి రాలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఇక్కడ కదులుద్ది." ఛాతీ చూపించాడు.

"పాపం," అంది మహిమ. "ఆ తర్వాత?"

"అమరావతి చేరాం. లారీ పోయి బల్లకట్టు ఎక్కింది. బల్లకట్టు కృష్ణలోకి పోయింది, దాని వెనకే గీత. నేనూ దిగా. అమరేశ్వరుడి గుడి రేవులో స్నానాలు చేసేవాళ్లు మా వరస చూసి, ఇదేదో విశేష స్నానమనుకుని, ఒకరి నడుము ఒకరు పట్టుకుని వెనకాల చేరారు. ఏడుగురు కాస్తా నలభై ఏడు మంది. నీళ్లల్లో మునిగా. మునిగినా కూత ఆపలేదు. పైకి బుడగలు వచ్చినాయి, ఒక్కో బుడగ పగిలినప్పుడల్లా కబడ్డీ అని వినపడిందని పడవవాళ్లు చెప్పారు. అవతలి గట్టు కాడ బల్లకట్టు ఆగింది. ఎడమచేతి చిటికెన వేలితో తాడు ముట్టుకున్నా. నలభై ఏడు మంది అవుట్. ఒక్క కూత. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

చేయి లేచింది. మహిమ ముందే పక్కకి జరిగింది. దెబ్బ పట్టా కట్టిన గుంజకి తగిలి, పైన నిలిచిన నీళ్లు భళ్ళున కింద పడ్డాయి. ఆ నీళ్ల చప్పుడు ఆగాక ఇంకే చప్పుడూ వినపడలేదు.

వాన ఆగిపోయింది.

వరండాలోంచి ఈల మోగింది. నీలం బనీన్లు ఒకళ్ల చెవిలో ఒకళ్లు ఏదో గొణుక్కుంటూ గ్రౌండు వైపు నడిచాయి. తొమ్మిదో నంబరువాడు అందరికన్నా చివర కదిలాడు. పోతూ పోతూ యలమందని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి పోయాడు.

ఫిలిప్ తడి బనీను విప్పి చేతికిచ్చాడు. నడుములో మిరపకాయ తీసి, నలగకుండా జాగ్రత్తగా, యలమంద ఎలాస్టిక్‌లో తనే దోపాడు. "ఇంక నీదేరా," అన్నాడు.

"ఒరేయ్, మీరు నిజంగా నమ్మారా?"

ఫిలిప్ వంగి మడమ చూసుకున్నాడు.

గ్రౌండులో ఎవరో ఊక చల్లుతున్నారు. యలమంద బనీను తొడుక్కుంటూ ఊక మీద నడిచాడు. మహిమ డోలు పట్టుకుని పక్కన వచ్చింది.

"నువ్వైనా అనొచ్చుగా, ఆపరా అని," అన్నాడు.

"మనోళ్లందరికీ నువ్వు నోరు తెరిచిన మొదటి మాటకే తెలుసు," అంది ఆమె గొంతు తగ్గించి. "సార్‌కి తెలుసు, టీ బంకు ఆంటీకి కూడా తెలుసు. వాళ్లకి తెలియదు. హాస్టలోళ్లకి ఎండాకాలంలో సెలవులే ఇవ్వరంట, నాలుగ్గోడల మధ్యే చదివిస్తారంట. యార్డు సంగతి వాళ్లకేం తెలుస్తది. వాళ్ల మొహాలు చూళ్లేదా? నిన్ను ముట్టుకోటానికి భయపడతన్నారు."

యలమందకి అప్పుడు అర్థమైంది. తను చెప్పింది తన వాళ్లకి కాదు. తన వాళ్లు తనని టీ పొయ్యి మీదుగా అవతలి వాళ్ల మీదికి విసిరారు. అర్థమయ్యాక భయం తగ్గకపోగా పెరిగింది. నమ్మించాల్సిన పని ఉందని ముందే తెలిసుంటే ఆ ట్రాక్టరుని తుమ్మించేవాడు కాదు.

కోర్టు. కరిగిపోయిన నడిగీతకి మళ్లీ సున్నం పోశారు. ఈ పక్క యలమంద. ఆ పక్క ఏడుగురు. రేగులపాలెం నుంచి ఆటోల్లో వచ్చిన పిల్లలు గట్టు మీద బురదలోనే నిలబడి, ఘాటెవరిది మనది, ఘాటెవరిది మనది అని అరుస్తున్నారు. మహిమ డోలు ఆ అరుపుకి సరిగ్గా సగం దరువు వెనకబడి మోగుతోంది. ఒక్కరిని ముట్టుకుని వస్తే చాలు. ముట్టుకోకుండా తిరిగొస్తే మళ్లీ రూపాయి. దొరికిపోతే అదీ లేదు.

ఈల.

యలమంద నోరు తెరిచాడు, కబడ్డీ కబడ్డీ అంటూ గీత దాటాడు.

మహిమ చెప్పింది నిజమే. ఆరుగురు వెనక్కి జరిగారు. ఒకడైతే చివరి గీత మీద మడమలు ఆనించి నిలబడ్డాడు. ఎవరూ దగ్గరికి రావడం లేదు, ఎవరూ చేతికి అందే దూరంలో లేరు. ఎడమకి రెండు అడుగులు వేశాడు, కుడికి రెండు వేశాడు. మొత్తం జట్టు అతన్ని చూసి పాము పిల్లని చూసినట్టు జరుగుతోంది. నడుములో కాయ పని మొదలుపెట్టింది. టైము పోతోంది. భయపెట్టడం మరీ ఎక్కువైందని, భయపడినవాళ్లని ముట్టుకోవడం ఎవరివల్లా కాదని అతనికి తెలిసొచ్చింది.

జరగనిది తొమ్మిదో నంబరువాడొక్కడే. వాడు నిలబడ్డ చోట నుంచి మెల్లగా ముందుకి వచ్చాడు. చేతులు కూడా చాచలేదు. మొహంలో నవ్వు. పొయ్యి దగ్గర బిస్కెట్టు పడిపోయినప్పటి నుంచీ ఆపుకుంటున్న నవ్వు అది. ఇంకో అడుగు దగ్గరికి వచ్చి, రిఫరీకి వినపడకుండా, చెవిలో చెప్పినట్టు అన్నాడు.

"బ్రో, మాది నల్లపాడే. మా నాన్న యార్డులో హమాలీ. ఎండలకి మే నెలంతా యార్డుకి సెలవులు. గేటుకి తాళం. మా నాన్న ఇంట్లో మంచం మీదున్నాడు. నీ లారీ ఎక్కడిది?"

ఎండాకాలం బడికి సెలవులిచ్చినట్టే మిర్చి యార్డుకీ ఇస్తారు. మిరప పండించే ఏ ఇంట్లోనైనా ఈ సంగతి పాలు తాగే పిల్లకి కూడా తెలుసు, ఆ నెలంతా కాయలు వసారాలోనో కోల్డు స్టోరేజీలోనో మూలుగుతుంటాయి గనక. తెలియనట్టు ఒక బడి మొత్తం నోరు కుట్టేసుకుని, ఎదుటివాళ్లకి తెలియదనుకుని ఇట్టాంటి ఒకడి ముందు ఇంత సేపు నిలబడింది. ఆ ఒక్కడికే అందరికన్నా బాగా తెలుసు.

యలమంద మొహం కాలిపోయింది. పరువు పోయింది, కృష్ణలో కాదు, ఇక్కడ, దర్శి గ్రౌండులో. ఏదో ఒకటి చెప్పాలి. తరగతిలో అయితే చెప్పేవాడు, ఆ లారీ యార్డుది కాదనో, గేటు తాళం పగిలిందనో. ఇక్కడ నోట్లో కబడ్డీ తప్ప ఇంకో మాటకి చోటు లేదు. నోరు కబడ్డీ కబడ్డీ అంటూనే ఉంది, అది ఆపడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. కానీ ఎదుటివాడు అడగాల్సిన ప్రశ్న అడిగి, సమాధానం కోసం అరమీటరు దూరంలో తల వంచి నిలబడ్డాడు. ఇట్టాంటి చోట యలమంద కథల్లో ఒకే మాట వస్తుంది. ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. చేయి మాత్రం ఆగలేదు. ఎప్పట్లాగే దానంతటదే లేచి, తొమ్మిదో నంబరువాడి భుజం మీద చరిచింది.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. చరిచినవాడికి అసలే అర్థం కాలేదు.

మొదట అర్థమైంది తొమ్మిదో నంబరువాడికి. వాడి నవ్వు మొహం మీద ఉండగానే కళ్లు మారిపోయాయి. "పట్టండ్రా," అని కేకేసి మీదికి దూకాడు. వెనక ఆరుగురూ భయం మర్చిపోయి వచ్చారు. యలమంద తిరిగాడు. నడుములో మంట తోసింది. ఊకలో కాలు జారింది, నడుముకి ఒకడు, కాలికి ఇద్దరు, మెడ మీద ఎవడో. ఇంత బరువు ఎట్టా ఉంటుందో తెలియక అంత సులువుగా ఏడుగుర్ని నల్లపాడు దాకా మోశాడు ఇందాక. ఒక్క అడుగు పడటం లేదు. నోరు మాత్రం ఆడుతోంది, పీలగా, తాళం పోయిన గొంతుతో. ముందుకి బోర్లా పడ్డాడు. బురద కళ్లల్లో కొట్టింది. చేయి చాచాడు.

గీత ఉన్నచోటే ఉంది. ఎక్కడికీ పారిపోలేదు. చిటికెన వేలికి సున్నం అంటింది.

ఈల మోగింది. రిఫరీ చెయ్యి రేగులపాలెం వైపు లేచింది. మహిమ డోలు మొదటిసారి అరుపులతో సరిగ్గా కలిసింది. బాషా సార్ చెప్పుల్లోంచి కాళ్లు బయటికొచ్చేలా పరిగెత్తుకొస్తున్నారు. ఫిలిప్ ఒంటికాలి మీద గెంతుతున్నాడు.

మీద పడ్డవాళ్లు ఒక్కొక్కళ్లే లేచారు. అందరికన్నా అడుగున యలమంద. వెల్లకిలా తిరిగి, ఆకాశం చూస్తూ, నోరు తెరిచాడు. రెండు బళ్లూ ఆగి చూశాయి. ఇంత జరిగాక వాడేం చెప్తాడోనని.

బోర్లా పడ్డప్పుడు నడుములో కాయ నలిగి గింజలు పగిలాయి. ఆ ఘాటు మెల్లగా పైకి వచ్చింది.

యలమంద తుమ్మాడు. గట్టు మీద కాకులు లేచిపోయేంత తుమ్ము.

తొమ్మిదో నంబరువాడు బురద తుడుచుకుంటూ వచ్చి, వంగి, లేపడానికి చేయి అందించాడు.

"ఇది మే నెలదేనా బ్రో?"

యలమంద దగ్గర దీనికి మంచి జవాబుంది. చెప్పబోయాడు. ఇంకో తుమ్ము అడ్డం వచ్చింది.